హాతీబాగాన్‌లో చేపలు ఎంచుకున్న రోజు

నాకు పదకొండేళ్ళు వచ్చిన సంవత్సరం నేను బడికి వెళ్ళలేదు. ముందు గొంతునొప్పి వచ్చి తగ్గింది. తర్వాత మోకాళ్ళు వాచాయి. ఒకటి తగ్గితే ఇంకోటి, అదీ తగ్గితే మణికట్టు. పెద్దాసుపత్రి డాక్టరు నా ఛాతీ మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. ఈ జబ్బు కీళ్ళతో ఆగదు, గుండెను పట్టుకుంటుంది అన్నాడు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పొడిపించుకోవాలి, ఆరు నెలలు మంచం దిగకూడదు, కుళాయి దాకా కూడా నడవకూడదు అని చెప్పాడు.

మా ఇల్లు కలకత్తా ఖిదిర్‌పూర్‌లో, ఓడరేవు పనివాళ్ళ క్వార్టర్లలో మూడో అంతస్తు. ఇల్లంటే ఒక గది, వంటకు ఒక మూల. కిటికీ తీస్తే ఎదుటి భవనం గోడ కనిపించేది. నా మంచం ఆ కిటికీ పక్కనే వేశారు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఆ గోడ మీద పెచ్చులూడిన చోట్లన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

మా నాన్న ఓడలను రేవుకు కట్టే ముఠాలో పనిచేసేవాడు. ఓడ లోపలికి రాగానే లావుపాటి తాళ్ళు అందుకుని గట్టు మీది ఇనపగుంజలకు తగిలించాలి. శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు ఊరు మాది. తాతముత్తాతలంతా వేటకు వెళ్ళినవాళ్ళే. అమ్మది పక్క ఊరు. అలాంటి ఇంట్లోకి నాన్న ఒకరోజు గాజుతొట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన తొట్టె అది. రెండు మూరల పొడవుంటుంది. ఒక మూల పగిలితే పుట్టీతో అతికించారు.

"ఏటది?" అంది అమ్మ.

"సేపల తొట్టి. గుంట రోజంతా గోడకేసి సూత్తంది. దీన్నైనా సూత్తాది."

"సేపని వండుకోడానికి తెత్తారు గానీ సూడ్డానికి తెత్తారేటి? మనోళ్ళెవులైనా సేసినారా ఇలగ?"

నాన్న తొట్టెను నా మంచం పక్కన దించాడు. ఆ సాయంత్రమే బజారులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ ఒక మొక్కా కొనుక్కొచ్చి, కుళాయి నీళ్ళు నింపి వదిలేశాడు. మొదటిరోజు అవి అటూ ఇటూ తిరిగాయి. రెండో రోజుకి పైకి తేలి నోళ్ళు తెరిచి మూస్తూ ఉండిపోయాయి. నేను మంచం మీద పక్కకు తిరిగి పడుకుని వాటినే చూస్తూ, అవి నోరు తెరిచినప్పుడల్లా నేనూ ఊపిరి పీల్చేదాన్ని. మూడో రోజు పొద్దున్న లేచేసరికి తొట్టె ఖాళీగా ఉంది. అమ్మ బాత్రూములో బాల్టీ కడుగుతూ నాన్నను తిడుతోంది.

"రోగంలో ఉన్న పిల్ల. దాని కళ్ళ ముందట సావులు పెడతావేటి నువ్వు? బుద్దుందా?"

నాన్న గుమ్మం దగ్గర నిలబడి బూటు లేసులు కట్టుకుంటున్నాడు. ఆయన మొహం నాకిప్పటికీ గుర్తుంది. పడవ మీద పుట్టి పెరిగిన మనిషి, నాలుగు చేపల్ని మూడు రోజులు బతికించలేకపోయాడు. నా వైపు చూడకుండానే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం నాన్న హాతీబాగాన్ వెళ్ళాడు. అప్పట్లో ప్రతి ఆదివారం అక్కడ పక్షులు, కుక్కపిల్లలు, చేపలు, మొక్కలు అమ్మే సంత జరిగేది. ఖిదిర్‌పూర్ నుంచి రెండు ట్రాములు మారాలి. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో తడి కాగితంలో చుట్టిన గడ్డిలాంటి నీటిమొక్కలు తప్ప ఇంకేమీ లేదు.

"సేపలేవి?" అన్నాను.

"ఇవ్వలేదమ్మీ. సంతలో సేపలమ్మే ముసిలాయన నాకు అమ్మనన్నాడు. ముందట ఇసకా మొక్కలూ పెట్టుకో, నీళ్ళు కుదురుకున్నాక రా అన్నాడు. కుళాయి నీళ్ళు పోసిన రోజే సేపల్నేసినానని సెప్తే నన్ను హంతకుడన్నాడు." నవ్వుతూనే చెప్పాడు గానీ అది నవ్వులా లేదు.

గంగ ఇసక తెచ్చి, బాల్టీలో నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాడు. నీళ్ళు ఒకరోజు ఎండలో ఉంచాడు. రిబ్బన్లలాగా పొడుగ్గా ఉండే ఆకుల మొక్కల్ని వెనక వరసలో నాటాడు. ఝాంఝి అని బెంగాలీలు పిలిచే మెత్తటి నాచు మొక్కల్ని దారంతో చిన్న రాళ్ళకు కట్టి మధ్యలో పెట్టాడు. వేళ్ళు ఇసకలో ఉండాలి గానీ మొక్క మొదలు పూడిపోకూడదని ముసలాయన చెప్పాడట. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, ఒక్కో మొక్కా కొంచెం పైకి లాగి సర్దడం నేను పడుకునే చూశాను.

వారం తిరిగేసరికి పాత ఆకులు గోధుమరంగులోకి తిరిగి కరిగిపోయాయి. ఇవీ చచ్చిపోతున్నాయనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుంది కాబోలు, ఆ వైపు చూడడం మానేసింది. మేడ మీదివాళ్ళు వచ్చి, నీళ్ళలో గడ్డి పెంచుతున్నాడని నవ్విపోయారు. కానీ ఒక పొద్దున్న రిబ్బను మొక్క మొదట్లోంచి గోరంత పచ్చటి మొలక కనిపించింది. దాని పక్కన ఇసకలోంచి ఇంకోటి. నాలుగో వారానికి వెనక గాజంతా ఆకులే. మొక్కలతో పాటు వచ్చిన ఒక నత్త గాజు మీద పాకుతుండేది. ఆ నెలంతా నాకు గోడ చూడాల్సిన పని లేకపోయింది.

అప్పుడే నాన్న మాటల్లో ఒకటి అన్నాడు. చేపల్ని మేపేవాళ్ళే వచ్చి ఎంచుకోవాలని ముసలాయన అంటాడట. కొన్న మనిషి ఒకడు, చూసుకునే మనిషి ఇంకొకడు అయితే చేపలు నిలవవట.

ఆ మాట పట్టుకున్నాను నేను. "నన్ను తీసుకెళ్ళు నానా. నేనే ఎంచుకుంటా."

"మంచం దిగకూడదు కదా."

"దిగను. నువ్వెత్తుకో."

రోజూ అడిగాను. అన్నం తినకుండా అడిగాను. నాన్న మెత్తటి మనిషని నాకు తెలుసు.

ఆ ఆదివారం అమ్మ పొద్దున్నే సంత్రాగాఛి వెళ్ళింది. మా పిన్ని వాళ్ళు అక్కడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళు. పిన్నికి బిడ్డ పుట్టింది, చూసి సాయంత్రానికి వస్తానంది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి నాన్నతో, "దాన్ని మంచం దిగనీకు" అంది.

ఆ రోజు గురించి నేను ఇంతకాలం దాచిన మాట ఇక్కడే చెప్పాలి. అప్పటికి మూడు రోజులుగా నా కాళ్ళు వాచి ఉన్నాయి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, కాసేపు అలాగే ఉండిపోయేది. సూది వేయడానికి ఇంటికొచ్చే డాక్టరు ప్రతిసారీ అక్కడే నొక్కి చూసేవాడు కాబట్టి అదేమిటో నాకు తెలుసు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, దిండ్లు రెండు పెట్టుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. చెబితే ఆసుపత్రికి తీసుకెళ్తారు, హాతీబాగాన్‌కు తీసుకెళ్ళరు. అందుకని పొడుగు పరికిణీ వేసుకున్నాను. దాన్ని పాదాల మీదికి లాక్కుని, "బాగానే ఉన్నాను నానా" అన్నాను.

నాన్న నన్ను వీపు మీద ఎత్తుకుని మూడు అంతస్తులు దిగాడు. ఒక చేతిలో మూత ఉన్న పాలక్యాను. ఆ మధ్యాహ్నం మైదానంలో పెద్ద సభ ఉంది. రేవు యూనియన్‌వాళ్ళు అందరినీ రమ్మన్నారు. జనం రాకముందే, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేయొచ్చని నాన్న లెక్కేసుకున్నాడు.

ఐదు నెలల తర్వాత బయటి గాలి. ట్రాము మైదానం మధ్యలోంచి పోతుంటే గడ్డి, చెట్లు, మేకలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళలో పడ్డాయి. నాన్న నా మొహమే చూస్తున్నాడు. నేను నవ్వితే ఆయనా నవ్వుతున్నాడు.

ముసలాయన సంతలో ఒక గోడ పక్కన నాలుగు బల్లలు వేసి, వాటి మీద గాజుతొట్టెలు పేర్చుకుని ఉన్నాడు. మందపాటి అద్దాలు, భుజాన తడి తువ్వాలు. నాన్న నన్ను చెక్కపెట్టె మీద కూర్చోబెట్టగానే నా మొహంలోకి చూసి, "ఏమైందమ్మా?" అన్నాడు బెంగాలీలో. ఒంట్లో బాగుండదు దాదా, ఇప్పుడు తగ్గింది అన్నాడు నాన్న. ముసలాయన జబ్బు గురించి ఇంకేం అడగకుండా నాతోనే మాట్లాడాడు.

"తొట్టె ఎంత ఉంటుంది?"

చేతులు చాపి చూపించాను.

"గాలి మిషను?"

"లేదు."

"కరెంటు?"

నాన్న నవ్వాడు. అప్పుడు కలకత్తాలో ఆ మాట ఎవరడిగినా నవ్వే. మా వీధిలో పూటకోసారి పోయేది.

"అయితే గోల్డ్‌ఫిష్‌ని మరిచిపో. అది తిండిపోతు, నీళ్ళు పాడు చేస్తుంది, నువ్వు పెంచిన మొక్కల్ని పీకేస్తుంది. ఏంజెల్‌ఫిష్ పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, పెద్దదయ్యాక చిన్నవాటిని మింగుతుంది. ఇదిగో, ఇవి చూడు."

చేతివేలంత చేపలు. ఒంటి మీద ఎర్రటి, నీలపు చారలు. పొట్ట కింద దారాల్లాంటి రెండు మీసాలు. ఖొల్షే అంటారట. బెంగాల్ చెరువుల్లో పుట్టేవే. నీళ్ళలో ఊపిరి చాలకపోతే పైకొచ్చి మనలాగే గాలి పీల్చుకుంటాయని చెప్పాడు. చెబుతుండగానే ఒకటి పైకొచ్చి, ముట్టె బయట పెట్టి, చిన్న బుడగ వదిలి కిందికి పోయింది. నేను దాని వెంటే చూశాను. ఇంకోటి వచ్చింది. అది కూడా గాలి తీసుకుని పోయింది. ఎంతసేపు చూశానో తెలియదు.

పక్కనే ఒక సీసాలో ఎర్రటి ఫైటర్ చేప ఒంటరిగా ఉంది. పరికిణీ కుచ్చిళ్ళలాంటి తోక. నాన్నకు అది నచ్చింది. అది ఇంకోదాన్ని చూస్తే పోట్లాడుతుంది, ఒక్కదాన్నే ఉంచాలన్నాడు ముసలాయన. "నాకొద్దు" అన్నాను.

"సరే, ఇందులో ఏవి కావాలో చెప్పు. తొందరపడకు. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడ్డదాన్ని తీసుకోకు. పొట్ట లోపలికి పోయినదాన్ని వద్దు. మొప్పలు గబగబా కొట్టుకునేదాన్ని వద్దు, ఒళ్ళు ఉబ్బినదాన్ని అసలే వద్దు. ఒక్క రోగిష్టిది చాలు, తొట్టె అంతా పోతుంది."

ఆయన రోగం గుర్తులు ఒక్కొక్కటే చెబుతుంటే నేను కాళ్ళు పెట్టె కిందికి లాక్కున్నాను. నాన్న వింటూ తలూపుతున్నాడు. ఆయన కళ్ళు చేపల మీదే ఉన్నాయి.

ఒక్కో చేపా తినడానికి వస్తుందా లేదా అని ముసలాయన మేత వేసి చూపించాడు. దీన్ని, కాదు దాన్ని, అని మార్చుకుంటూ పోయాను. తొందరపడి తప్పు చేపను తీసుకుంటే మళ్ళీ ఆ మొదటి నాలుగింటిలాగే అవుతుందని నా భయం. నాన్న మూడుసార్లు, "ఇంక సాలమ్మీ, ఎల్దాం" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి నాలుగు ఖొల్షేలు, ఐదు గప్పీలు. పైన తేలే చిన్న ఆకుల మొక్క ఒక గుప్పెడు ముసలాయన తనే క్యానులో వేశాడు. పైన పందిరిలా ఉంటుంది, చేపలు దడుసుకోవు అన్నాడు.

తిరుగుదారిలో రెండో ట్రాము ధర్మతల దాటాక ఆగిపోయింది. ముందు ఇంకో ఆరేడు ట్రాములు వరసగా ఆగి ఉన్నాయి. రోడ్డు కనిపించలేదు, జనం. ఎర్రజెండాలు, డప్పులు, లారీల మీంచి దిగుతున్న పల్లెటూరివాళ్ళు. అరగంట చూసి నాన్న నన్ను వీపు మీద వేసుకుని దిగాడు. నా కాళ్ళ కింద చేతులు ముడిచి పట్టుకుని, క్యాను వేళ్ళకు తగిలించుకున్నాడు.

ఎండ. కొంతదూరం వెళ్ళేసరికి నాకు దగ్గు మొదలైంది. తర్వాత ఊపిరి సగంలోనే తెగిపోవడం. నాన్న ఒక చెట్టు కింద నన్ను దించి పడుకోబెట్టబోయాడు.

"పడుకోబెట్టొద్దు నానా. కూర్చోబెట్టు."

"ఏటయిందమ్మీ? ఏటవుతంది? సెప్పు."

చెప్పడానికి గాలి లేదు. నాన్న చుట్టూ చూస్తూ, ఒక్కసారి మా భాషలోనే గట్టిగా అరిచాడు. ఆ అరుపు విని ఊరేగింపులోంచి ఒకాయన ఆగాడు. మా క్వార్టర్లలోనే కింది అంతస్తు మనిషి, నాన్న ముఠావాడు. చేతిలో జెండా.

"ఓరి నాయినా, ఈ గుంటనెందుకు తెచ్చినావురా ఇక్కడికి!"

 జెండా కర్రకు చుట్టేసి, క్యాను అందుకుని, "రోగీ ఆఛే, రాస్తా దిన్!" అని అరుచుకుంటూ ముందు నడిచాడు. చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ వాలంటీర్లు చేతులు విడదీసి దారిచ్చారు. ఆ వరస మధ్యలోంచి నాన్న పరిగెత్తాడు. ఆయన ఒళ్ళంతా చెమట, నా చెంప ఆయన మెడకు అంటుకుపోయింది. దగ్గర్లోని పెద్దాసుపత్రికి ఎలా చేరామో నాకు ముక్కలుగానే గుర్తు.

ఆక్సిజన్ పెట్టారు. సూది పొడిచారు. కాస్త తేరుకున్నాక కుర్ర డాక్టరు అడిగాడు, "ఆయాసం ఎప్పటి నుంచి?"

నాన్న నా పక్కనే ఉన్నాడు.

"ట్రామ్ దిగాక" అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు. నాన్నతో, "ఈ పిల్లను కదల్చకూడదని మీకు చెప్పలేదా?" అన్నాడు.

"సెప్పినారు" అన్నాడు నాన్న.

సాయంత్రం అమ్మ వచ్చింది. నాన్న ముఠావాడు ఖిదిర్‌పూర్ వెళ్ళి, మెట్ల దగ్గర కాచుకుని ఉండి తీసుకొచ్చాడు. వార్డు గుమ్మంలోనే అమ్మ నాన్నను చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. అందరూ చూస్తున్నారు. నాన్న చెయ్యి అడ్డం పెట్టలేదు, వెనక్కి జరగలేదు.

"సేపల కోసం! సేపల కోసం సంపేసేవాడివి కదా నా పిల్లని!"

నేను కళ్ళు మూసుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. గుండె కవాటం ఒకటి దెబ్బతిందని చెప్పారు. అది ముందే దెబ్బతిందో, ఆ రోజే తిందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంటికి వచ్చేసరికి తొట్టెలో చేపలు ఈదుతున్నాయి. నేను నమ్మలేకపోయాను. ఆ క్యాను ఎక్కడో పడేసి ఉంటారనుకున్నాను.

"నువ్వేశావా అమ్మా?"

అమ్మ నా దిండు గలీబు మారుస్తోంది. "ఆసపత్రి బల్ల కింద ఉన్నాది. పొద్దున్న తీసి సూత్తే బతికే ఉన్నాయి. అవి పోతే నీ మొకం ఎలగ సూడాలా అనిపించినాది. తెచ్చి ఏసినాను." దిండు సర్ది, "క్యాను నీళ్ళల్లో తేలనిచ్చి తర్వాత వొదిలినాను. మీ నాన నీకు సెప్తంటే ఇన్నాను" అంది.

అప్పటి నుంచి తొట్టె అమ్మదే. మేత వేసేది, నీళ్ళు మార్చేది, ఎక్కువైన ఆకులు గిల్లేసేది. ఇసకలోంచి పాకిన పిల్లమొక్కల్ని తుంచి పక్కింటివాళ్ళకు ఇచ్చేది. కరెంటు పోయిన సాయంత్రాలు విసనకర్ర పట్టుకుని నా మంచం అంచున కూర్చుంటే, చీకటి పడేలోపు ఖొల్షేలు ఒకటొకటే పైకొచ్చి గాలి తీసుకోవడం ఇద్దరం చూసేవాళ్ళం. అవి రెండు చలికాలాలు బతికాయి.

నాన్న మాత్రం ఆ మూలకు రావడం మానేశాడు. అన్నం కూడా వీపు ఇటు పెట్టుకుని తినేవాడు. అమ్మ ఆయనతో నెలల తరబడి సూటిగా మాట్లాడలేదు. "మీ నాన్ననడుగు", "మీ నాన్నకి సెప్పు" అని నా మీదుగానే. తర్వాత మాట్లాడింది, కానీ ఏ గొడవ వచ్చినా చివరికి ఆ ఆదివారం దగ్గరికే వచ్చేది. నాకు ఒకరోజు జ్వరం వచ్చినా, పరీక్ష తప్పినా, పెళ్ళివాళ్ళు గుండె సంగతి విని వెనక్కి తగ్గినా అదే మాట. నాన్న తల దించుకునేవాడు.

నాకు ఇరవై రెండేళ్ళు వచ్చాక సూదులు ఇక అక్కర్లేదన్నారు. ఆ రోజు నాన్న, నేను ఆసుపత్రి నుంచి బస్సు కోసం నడుస్తున్నాం. అప్పుడు చెప్పాను. మూడు రోజుల ముందు నుంచీ కాళ్ళు వాచి ఉన్నాయని, ఊపిరి ఆడలేదని, తెలిసే దాచానని, డాక్టరుకు అబద్ధం చెప్పానని. రోడ్డు మీదే ఏడ్చాను.

నాన్న నడక ఆపి విన్నాడు. 

"ఆ కాళ్ళు నా సేతుల్లోనే ఉన్నాయి కదమ్మీ" అన్నాడు. "మెట్లు దిగినప్పట్నించీ నానే పట్టుకున్నాను. నాను సూడాల్సింది."

"నానా, నేను దాచాను."

"నువ్వు పిల్లవి." మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు. కొంచెం దూరం పోయాక, "మీ అమ్మకి సెప్పకు. ఇన్నాళ్ళూ నా మీద కోపం పెట్టుకుని బతికినాది. ఇప్పుడది నీ మీదకి తిరుగుతాది. నాకలవాటైపోనాది" అన్నాడు.

అమ్మతో చెబుతానని నేను అనలేదు. అప్పుడు నాకు కలిగింది బాధ మాత్రమే కాదు, ఊరట కూడా. దాని గురించి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నాన్న పోయి తొమ్మిదేళ్ళు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇప్పటికీ నేను మెట్లెక్కి ఆయాసపడితే, "మీ నాన ఆ రోజు నిన్ను తీసుకెళ్ళకుండా ఉంటే" అని మొదలుపెడుతుంది. నేను ఔనంటాను, లేదా ఏమీ అనను. మంచినీళ్ళు తెచ్చిస్తుంది. తాగుతాను.